కాలేజీ ఊరితో కలిసి పనిచేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కొన్నేళ్లు జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా, ఆ తర్వాత కాలేజీలని ఊళ్లతో కలిపే కేంద్ర కార్యక్రమం ఉన్నత్ భారత్ అభియాన్‌కి కోఆర్డినేటర్‌గా చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఈ బాధ్యత కొత్తగా మీద పడిన లెక్చరర్లు ఫోన్ చేసి అడిగేవి, పిల్లలు బస్సులో అడిగేవి, సర్పంచులు టీ తాగుతూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

ఊరితో భాగస్వామ్యం అంటే ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపేనా, ఇంకేమైనా ఉందా?

క్యాంపు ఒక దారి మాత్రమే. ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేయాలి, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఉండాలి. ఉన్నత్ భారత్ అభియాన్‌లో విద్యాసంస్థ కనీసం ఐదు ఊళ్లను ఎంచుకుని ఏళ్ల తరబడి వాటితో ఉండాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో 180 గంటల పని ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో చివరి ఏడాది పిల్లలు రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవం) కింద ఊళ్లోనే ఉండి ఒక రైతు వెంట నడుస్తారు.

వీటిలో ఏది చేసినా, భాగస్వామ్యం అనిపించుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటే. ఏం పని చేయాలో నిర్ణయించేటప్పుడు ఊరివాళ్లు ఆ గదిలో ఉన్నారా? కాలేజీలో కూర్చుని పని అనుకుని, చేయించుకోవడానికి ఊరికి వెళ్తే అది సేవ కావచ్చు. భాగస్వామ్యం కాదు.

ఇదంతా ఈ మధ్య వచ్చిన స్కీమేనా?

కాదు. 1922లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్ పక్కన సురుల్ గ్రామంలో శ్రీనికేతన్ మొదలుపెట్టారు. లియోనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లండ్ యువకుడు దాని తొలి బాధ్యతలు చూశాడు. సేద్యం, పశువులు, చేతివృత్తులు, ఆరోగ్యం అన్నీ అక్కడి చదువులో భాగమే. తమిళనాడులో గాంధీగ్రామ్ 1947లో మొదలై 1976లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది.

మన దగ్గర 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇప్పటి ఆచార్య ఎన్.జి. రంగా వర్సిటీ, అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల నమూనా మీద కట్టింది. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సాయం అందించింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే సంస్థ చేయాలన్నది ఆ నమూనా. విస్తరణ అంటే పొలం దాకా వెళ్లడం.

ఉన్నత్ భారత్ అభియాన్‌కి ఐదు ఊళ్లు ఇవ్వమంటున్నారు. ఎలా ఎంచుకోవాలి?

ఈ కార్యక్రమం 2014 నవంబర్‌లో మొదలైంది, రెండో దశ 2018 ఏప్రిల్‌లో. ఐఐటీ ఢిల్లీ జాతీయ సమన్వయ సంస్థ. ఐదు ఊళ్లు ఉండాలన్నది నియమం. ఐదింటినీ ఒకే రోజు మొదలుపెట్టాలని ఎక్కడా లేదు.

నా సలహా: కాలేజీ నుంచి ఒకే బస్సులో వెళ్లగలిగే ఊళ్లు తీసుకోండి. రెండు బస్సులు మారాల్సిన ఊరికి మొదటి ఏడాది ఉత్సాహంగా వెళ్తారు, రెండో ఏడాది వెళ్లరు. మీ కాలేజీలో చదివే పిల్లల సొంతూళ్లు అందులో ఒకటి రెండైనా ఉంటే మంచిది. ఒక ఊళ్లో ఏడాదంతా గట్టిగా పనిచేసి, అక్కడ నేర్చుకున్నది పట్టుకుని మిగతా వాటికి వెళ్లండి. ఎవరో నాయకుడు చెప్పాడని మాత్రం ఎంచుకోవద్దు. అతని మాట చెల్లినంత కాలమే మీ మాట చెల్లుతుంది.

ఊరి మొగదల "దత్తత గ్రామం" అని బోర్డు పెట్టొచ్చా?

కాగితాల్లో ఆ మాట ఉంది కాబట్టి చాలామంది పెడుతున్నారు. నేను పెట్టను. దత్తత తీసుకోవడానికి ఊరు తల్లీతండ్రీ లేని బిడ్డ కాదు. మన కాలేజీ పుట్టక ముందు నుంచీ ఆ ఊరు చెరువు తవ్వుకుంది, గుడి కట్టుకుంది, కరవుల్లో బతికి బయటపడింది. బోర్డు తప్పనిసరైతే "ఫలానా ఊరు, ఫలానా కాలేజీ కలిసి చేస్తున్న పని" అని రాయించండి. ఊరి పేరు ముందు ఉండాలి.

మా కాలేజీలో వ్యవసాయం లేదు, ఇంజనీరింగ్ లేదు. బీఏ, బీకాం వాళ్లం ఊరికి ఏం చేయగలం?

ఈ ప్రశ్న వినగానే నాకు బాధేస్తుంది. పిల్లలు తమ చదువుని తామే అంత చిన్నచూపు చూస్తున్నారు మరి.

బీకాం పిల్లలు డ్వాక్రా సంఘాల పుస్తకాలు సరిచూడగలరు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎలా లెక్కకట్టారు అన్నది సభ్యురాలికి అర్థమయ్యేలా చెప్పగలరు. చాలా సంఘాల్లో ఈ లెక్క పుస్తకం రాసే ఒక్కరికే తెలుసు. ఎకనామిక్స్ వాళ్లు ఒక ఎకరం వరికో, పత్తికో నిజంగా అయ్యే ఖర్చుని రైతు పక్కన కూర్చుని రాయగలరు, అతని ఇంటి మనుషుల కూలీ కూడా కలిపి. తెలుగు పిల్లలు ఊరి పేరు కథ, నాట్ల పాటలు, పొలాల పేర్లు సేకరించగలరు. హిస్టరీ వాళ్లకి గుడి శాసనం, పాత చెరువు ఉన్నాయి. కెమిస్ట్రీ ల్యాబ్ ఉంటే తాగునీరు పరీక్షించవచ్చు. దరఖాస్తు రాయడం, ఆన్‌లైన్‌లో స్టేటస్ చూడడం చిన్న పనులే కానీ, ఊళ్లో వాటి విలువ పెద్దది.

## మొదటిసారి ఊళ్లో అడుగు పెట్టేటప్పుడు

ముందు ఎవరిని కలవాలి? సర్పంచ్‌నా, సెక్రటరీనా?

ఇద్దరినీ కలవాలి, ఇద్దరి దగ్గరే ఆగిపోకూడదు. సర్పంచ్ ఊరు ఎన్నుకున్న మనిషి, పంచాయతీ కార్యదర్శి దగ్గర కాగితాలుంటాయి. అదే వారంలో అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, గ్రామ సమాఖ్య లీడర్, బడి హెడ్మాస్టర్‌లను కలవండి. ఏ ఇంట్లో ఎవరికి ఏ కష్టముందో ఆశా కార్యకర్తకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

వీలైతే గ్రామసభలో మాట్లాడే అవకాశం అడగండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజుల్లో సభలు పెడుతుంటారు. అందరి ముందూ ఒకసారి "మేం ఫలానా, ఇందుకు వచ్చాం" అని చెప్పుకుంటే తర్వాత వీధుల్లో అనుమానపు చూపులు తగ్గుతాయి.

ఏ నెలల్లో వెళ్తే జనం దొరుకుతారు?

కాలేజీ క్యాలెండర్ పక్కన పెట్టి ఊరి క్యాలెండర్ చూడాలి. ఏరువాక మొదలయ్యాక, నాట్లప్పుడు, కలుపు తీతలప్పుడు, కోతలప్పుడు పగటి పూట ఇళ్లకి తాళాలే కనిపిస్తాయి. ఎండాకాలం ఉపాధి హామీ పనికి తెల్లవారకముందే వెళ్లి ఎండ ముదిరేలోగా వస్తారు, సాయంత్రాలు ఖాళీ. పాలమూరు లాంటి చోట్ల కొన్ని కుటుంబాలు కొన్ని నెలలు వలసలోనే ఉంటాయి. వాళ్లు లేనప్పుడు సర్వే చేస్తే ఊళ్లో అందరికంటే పేదవాళ్లు మీ లెక్కలోంచి జారిపోతారు. పండక్కి ఊరికొస్తారు, అప్పుడు కలవండి.

ఎవరింట్లో దిగాం, ఎక్కడ కూర్చున్నాం అన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ఊరంతా మొదటి గంటలో గమనించేది అదే. పెద్ద కులస్తుల ఇంటి వసారాలో కుర్చీలు వేయించుకుని భోంచేస్తే, ఎస్సీ కాలనీవాళ్లకి మీరు ఎవరి మనుషులో తేలిపోతుంది. తర్వాత మీరు ఎంత మంచి ప్రశ్న అడిగినా మర్యాదకి జవాబిస్తారు, మనసులో మాట చెప్పరు.

మేం పాటించేది చెబుతాను. బస బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో. సమావేశం అందరూ వచ్చి సమానంగా కూర్చోగలిగే చోట. గుడి అరుగు, ఎవరి ఇంటి ముందరి స్థలం వద్దు. మొదటి రోజు కాలనీ నుంచే నడక మొదలుపెడతాం. ఎవరు నీళ్లిచ్చినా, టీ ఇచ్చినా పిల్లలందరూ తాగాలి. ఒక్కరు వద్దన్నా అది అవమానంగా మిగిలిపోతుంది. ఈ సంగతి బస్సెక్కక ముందే పిల్లలతో విడమర్చి మాట్లాడాలి. మన పిల్లలు కూడా కులం ఉన్న ఇళ్ల నుంచే వస్తారు.

ఇంటింటి సర్వే మొదటి రోజే మొదలుపెట్టేయొచ్చా?

వద్దు. పరిచయం లేని మనిషికి ఎవరూ తన అప్పు ఎంతో, ఆదాయం ఎంతో నిజం చెప్పరు. రేషన్ కార్డు తీసేస్తారేమోనని భయపడేవాళ్లు కూడా ఉంటారు.

ముందు ఊరి పటం వేయించండి. వీధిలో ముగ్గు పిండి, బొగ్గు, ఆకులు, గులకరాళ్లు పెట్టి "మీ ఊరు గీయండి" అంటే చాలు. పిల్లలు మొదలుపెడతారు, ఆడవాళ్లు వచ్చి దిద్దుతారు, ముసలాయన వచ్చి ఎండిపోయిన పాత కాలవ ఎక్కడుండేదో చూపిస్తాడు. తర్వాత ఊరివాళ్లతో కలిసి ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి: చెరువు, పొలాలు, బోర్లు, కాలనీ, శ్మశానం. ఏ నెలలో పని ఉంటుంది, ఏ నెలలో జబ్బులు, ఏ నెలలో చేతిలో డబ్బు ఉండదు అని పన్నెండు గుంపుల చింతగింజలతో లెక్క వేయించండి. ఇవన్నీ అయ్యాక సర్వే ఫారం తీస్తే అందులో సగం ప్రశ్నలు మార్చాలని మీకే తెలుస్తుంది.

"మీలాంటోళ్లు శానా మంది వచ్చిండ్రు, రాసుకుని పోయిండ్రు" అంటే ఏం చెప్పాలి?

ఈ మాట నేను వినని ఊరు లేదు. దానికి వాదన అక్కర్లేదు, నిజమే అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒక తేదీ చెప్పండి: "మీ దగ్గర రాసుకున్నది మళ్లీ ఫలానా రోజు ఇక్కడికే తెచ్చి చదివి వినిపిస్తాం." ఆ రోజు వర్షం పడినా, ప్రిన్సిపాల్ మీటింగ్ పెట్టినా వెళ్లాలి. ఒక్కసారి అలా వెళ్లి చూడండి, తర్వాత తలుపులు ఎలా తెరుచుకుంటాయో.

ఆడవాళ్లు నోరు విప్పడం లేదు. ఏం చేయాలి?

అందరి ముందూ సభలో అడిగితే విప్పరు. సంఘం మీటింగ్ ఏ రోజో కనుక్కుని, అది అయ్యాక అమ్మాయిలు, మహిళా లెక్చరర్లు మాత్రమే ఉండి మాట్లాడాలి. బీడీలు చుట్టేచోట, వేరుశనగ కాయలు ఒలిచేచోట పక్కన కూర్చుని చేయి కలిపితే మాట దానంతటదే వస్తుంది. మగవాళ్లు చెప్పిన మొదటి సమస్య సాధారణంగా రోడ్డు. ఆడవాళ్లు చెప్పేది నీళ్లు, బెల్టు షాపు, ఆడపిల్లల చదువు ఆగిపోవడం. రెండు జాబితాలూ విడివిడిగా రాసుకోండి, ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేయవద్దు.

గిరిజన గూడేలకు వెళ్లాలంటే వేరే పద్ధతి ఉందా?

ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం గ్రామసభకి ప్రత్యేక అధికారాలిచ్చింది. అక్కడ సభ అనుమతి లేకుండా పని మొదలుపెట్టకండి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి కూడా ముందే తెలియజేయండి.

అంతకంటే ముందు భాష. కోయ, గోండి, కొలామి, సవర, కువి మాట్లాడే చోట తెలుగు ఫారం పట్టుకెళ్లి "వాళ్లు సరిగ్గా చెప్పలేదు" అని రిపోర్టు రాయడం అన్యాయం. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో సవరలను ఇంట్లో ఉంచుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి బడులు పెట్టారు, వాచకాలు రాశారు, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. ఊరితో పనిచేసిన తెలుగు అధ్యాపకుడు అంటే నాకు ముందు ఆయనే గుర్తొస్తారు. అంత మనవల్ల కాకపోవచ్చు, ఆ భాష వచ్చిన విద్యార్థిని జట్టులో పెట్టుకోవడం మాత్రం అవుతుంది.

## పని నడుస్తున్నప్పుడు

సమస్యలు ఇరవై చెప్పారు. దేనితో మొదలుపెట్టాలి?

మూడు నెలల్లో పూర్తయ్యేది, కాలేజీ చేతిలో ఉన్నది, అన్ని వాడలకీ ఉపయోగపడేది ఒకటి తీసుకోండి. రోడ్డు, బస్సు, పింఛను మన చేతిలో లేవు. వాటి గురించి సంబంధిత ఆఫీసుకి అర్జీ రాయడంలో సాయం చేస్తామని చెప్పండి, తెప్పిస్తామని చెప్పవద్దు. మాట ఇచ్చేది తక్కువగా ఉండాలి.

నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చింది. ఊరికి ఎలా చెప్పాలి?

ఇందులో నేను ఒకసారి తప్పు చేశాను. రిపోర్టు రాగానే పిల్లలు ఆత్రంగా వాట్సాప్‌లో పెట్టేశారు, నేనూ ఆపలేదు. సాయంత్రానికి ఊరంతా టెన్షన్. ఆ బోరు ఉన్న వీధివాళ్లతో మిగతావాళ్లు గొడవకి దిగారు. పదేళ్లుగా ఆ నీళ్లే తాగిన ఒక తల్లి, చిన్నపిల్లాడిని ఎత్తుకుని మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఏం చేయాలో చెప్పలేని స్థితిలో ఉండి, భయం మాత్రం పంచిపెట్టాం.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఒకే నమూనా మీద ఆధారపడం. రెండోసారి తీసి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లోనూ చూపిస్తాం. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. ముందు సర్పంచ్, సెక్రటరీ, ఆరోగ్య కార్యకర్తలతో కూర్చుని, ఏ బోరు నీళ్లు తాగడానికి మంచివో కూడా తేల్చుకుంటాం. సభలో చెప్పేటప్పుడు మొదటి వాక్యం "ఈ నీళ్లు తాగొచ్చు", రెండోది "ఆ నీళ్లు గిన్నెలకి, బట్టలకి వాడండి". కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇంటికి వెళ్లగానే అందరూ చేసేది కాచడమే. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది. దాని పేరులో మన జిల్లా ఉండడానికి కారణం ఆ జిల్లా పడిన బాధే.

మా ల్యాబ్‌లో బాగా పనిచేసిన యంత్రం ఊళ్లో మూలన పడింది. ఎక్కడ తప్పు జరిగింది?

బహుశా వాడే మనిషి చివర్లో వచ్చాడు. తయారయ్యాక చూపించడం కాదు, తయారవుతుండగానే అతని చేతిలో పెట్టాలి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దీన్ని వరి విషయంలో ఎప్పుడో నేర్చుకున్నాయి. పరిశోధన స్థానంలో బాగా పండిన కొత్త రకాన్ని విడుదల చేసే ముందు మినికిట్ల పేరుతో చిన్న విత్తన సంచులు రైతులకిస్తారు. రైతు తన పొలంలో, తన పాత రకం పక్కనే, తన ఎరువుతో పండించి చూస్తాడు. పడిపోతోందా, దోమ పడుతోందా, బియ్యం విరుగుతోందా, అన్నం రుచి ఎలా ఉంది అని తీర్పు చెప్పేది అతనూ, ఇంట్లో వండే ఆవిడా. మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి ఊరూరా వ్యాపించింది రైతులు ఒకరి దగ్గర ఒకరు విత్తనం తీసుకోవడం వల్లే.

ఇంకోటి. యంత్రం ఎప్పుడూ కాలేజీ నుంచే రావాలని లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం, వాళ్లమ్మ చీర నేతకి ముందు దారం చుట్టే పని, ఆసు పోస్తూ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఒక్క చీరకి చేయి వేలసార్లు అటూ ఇటూ తిప్పాల్సిన పని అది. చదువు బడిలోనే ఆగిపోయిన మనిషి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీరు వెళ్లిన ఊళ్లో సైకిల్ షాపులో, వెల్డింగ్ షాపులో ఇలాంటి బుర్ర ఒకటి ఉండొచ్చు. మీ ల్యాబ్ తాళం అతనికీ ఇవ్వండి.

మా పిల్లలకి ఇది ఫొటోల పని అయిపోయింది. మార్చడం ఎలా?

మొదటి రెండు సార్లు ఫోన్లు సంచిలో పెట్టించండి. చీపురు పట్టుకుని వరసగా నిలబడే ఫొటో అసలే వద్దు. ఆ వీధి రోజూ ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు పక్కనే ఉంటుంది. రిపోర్టులో కార్యక్రమాల సంఖ్య కాకుండా "ఈ వారం ఊళ్లో నాకు తెలియనిది ఏం నేర్చుకున్నాను, ఎవరి దగ్గర" అని ఒక పేజీ రాయించి, మార్కులు దానికే వేయండి. నేర్పినవాళ్ల పేరు రాయాల్సి వచ్చేసరికి పిల్లలు మనుషులని చూడడం మొదలుపెడతారు.

ఊళ్లో రెండు వర్గాలు. ఒకరితో మాట్లాడితే ఇంకొకరు రానివ్వడం లేదు.

బడి, అంగన్‌వాడీ, పశువైద్య శిబిరం లాంటి ఇద్దరికీ కావలసిన పని చేపట్టండి. ప్రతి సమాచారం ఇద్దరికీ ఒకే రోజు చెప్పండి. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వస్తే ఫలితాలయ్యే దాకా ఊరికి వెళ్లకపోవడమే మంచిది.

అమ్మాయిలని ఊళ్లకి పంపడానికి ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. ఒక తల్లినో తండ్రినో ముందుగా మీతో పాటు ఊరికి తీసుకెళ్లి, బస, బాత్రూమ్, మహిళా లెక్చరర్ ఎక్కడుంటారో చూపించండి. చీకటి పడేలోపు తిరిగి రావడం, ఎవరూ ఒంటరిగా ఇళ్లకి వెళ్లకపోవడం నియమంగా పెట్టండి. అబ్బాయిలకీ అదే నియమం వర్తించాలి.

## డబ్బు, కాగితాలు, పరిశోధన

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) ఎవరితో రాసుకోవాలి, అందులో ఏముండాలి?

గ్రామ పంచాయతీతో, తీర్మానం చేయించి. తెలుగులో ఉండాలి, రెండు పేజీలు దాటకూడదు. కాలేజీ ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎన్నాళ్లు, ఎవరు బాధ్యులు, సేకరించిన సమాచారం ఎవరిది, నచ్చకపోతే ఊరు ఎలా ఆపమనవచ్చు అన్నవి స్పష్టంగా రాయండి. ఆ చివరిది చాలా ఒప్పందాల్లో ఉండదు. చదివి వినిపించాకే సంతకాలు.

మా కోసం ఊరివాళ్లు సమయమిస్తారు కదా, డబ్బివ్వాలా?

పొలం పనికి వెళ్లాల్సిన మనిషిని మూడు గంటలు కూర్చోబెడితే ఆ కూలీ పోయింది మనవల్లే. ప్రాజెక్టు బడ్జెట్‌లో దానికి పద్దు పెట్టండి. బడ్జెట్ లేకపోతే వాళ్లకి వీలైన సాయంత్రమే వెళ్లండి, తొందరగా ముగించండి. పిల్లలకి దారి చూపించిన, పంట గురించి రోజంతా చెప్పిన రైతుని కాలేజీకి పిలిచి, క్లాసులో పాఠం చెప్పించి, అతిథి అధ్యాపకుడికి ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వండి. మా కాలేజీలో మొదటిసారి అలా చేసినప్పుడు ఆ రైతు ముందు రోజే వచ్చి క్లాస్‌రూమ్ చూసుకుని వెళ్లాడు.

మా సర్వే వివరాలు పంచాయతీకి నిజంగా పనికొస్తాయా?

సరైన నెలలో అందిస్తే పనికొస్తాయి. ప్రతి పంచాయతీ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. 2018 నుంచి దానికోసం ఏటా అక్టోబర్ 2 నుంచి ప్రజా ప్రణాళిక ప్రచారం నడుస్తోంది. ఆలోపు మీ ఊరి పటం, నీటి ఫలితాలు, బడి మానేసిన పిల్లల లెక్క తెలుగులో, రెండు మూడు పేజీల్లో పంచాయతీకి ఇస్తే ప్రణాళికలో చేరే వీలుంటుంది. మార్చిలో నూరు పేజీల ఇంగ్లిష్ రిపోర్టు ఇస్తే బీరువాలో చేరుతుంది.

సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నాం. సరిపోతుందా?

వేలిముద్ర వేసిన మనిషి అందులో ఏముందో తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే సరిపోతుంది. ఎందుకు అడుగుతున్నాం, ఎవరికి చూపిస్తాం, చెప్పకపోయినా నష్టం లేదు అన్న మూడూ నోటితో చెప్పాలి. ఆధార్ నంబర్లు రాసుకోకండి, మనకి ఆ అవసరం లేదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. రక్త నమూనాలు, జబ్బుల వివరాలు తీసుకునే పనైతే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఊళ్లో అడుగు కూడా పెట్టవద్దు.

నాటువైద్యం తెలిసిన పెద్దాయన మాకు మొక్కల గురించి చెప్పారు. పేపర్ వేసుకోవచ్చా?

ఆయన్ని అడగకుండా వద్దు. ఒకసారి అచ్చయిన తర్వాత ఆ జ్ఞానాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఆయనకి మాత్రం ఏమీ మిగలదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఆ కమిటీతో మాట్లాడండి.

కేరళలో ఒక ఉదాహరణ ఉంది. అగస్త్య కొండల్లో 1987లో శాస్త్రవేత్తలకి దారి చూపిస్తున్న 'కానీ' అనే తెగ గిరిజనులు అలసట లేకుండా నడవడానికి ఏదో కాయ తినేవాళ్లు. అదే ఆరోగ్యపచ్చ. పాలోడులోని బొటానిక్ గార్డెన్ పరిశోధన సంస్థ దాని నుంచి జీవని అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు రుసుము, రాయల్టీల్లో సగం కానీలకి ఇవ్వాలని నిర్ణయించి, 1997లో వాళ్ల పేరుతో ట్రస్టు పెట్టించారు. కానీలందరినీ సంప్రదించలేదన్న విమర్శ దానిమీదా వచ్చింది. సగం పంచినచోటే ఆ మాట పడిందంటే, అసలు అడగనే అడగని మనం ఎక్కడున్నామో ఆలోచించండి. కనీసం పేపర్లో ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఆయన పేరు సహరచయితగా ఉండాలి.

## ఊరివాళ్లు అడిగేవి

కాలేజీవాళ్లు వస్తామంటున్నారు. ఒప్పుకునే ముందు మేం ఏం అడగాలి?

ఎన్నేళ్లు వస్తారు? రాసుకున్నది మాకు ఎప్పుడు, ఏ భాషలో ఇస్తారు? ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎవరు? మీరు అంతకుముందు పనిచేసిన ఊరు ఏది, మేం వెళ్లి అక్కడివాళ్లని అడగొచ్చా? ఈ నాలుగూ మొహమాటం లేకుండా అడగండి. జవాబు తడబడితే "ఆలోచించి చెబుతాం" అనండి. వద్దనే హక్కు మీకుంది.

పిల్లలొచ్చి పోతున్నారు సరే, మా పిల్లలకి కాలేజీ వల్ల ఏం వస్తుంది?

సీటు ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, అడ్మిషన్లకి పద్ధతి వేరే ఉంటుంది. కాలేజీ లైబ్రరీలో ఊరి యువతకి కార్డులు, పోటీ పరీక్షలకి ఆదివారం క్లాసులు, పదో తరగతి వాళ్లకి లెక్కలు, ఇంగ్లిష్, ఏడాదికోసారి ల్యాబులు చూసే రోజు అడగండి. ఇవి కాలేజీ ఇవ్వగలిగినవే.

## కొన్నేళ్లు గడిచాక

కోఆర్డినేటర్ బదిలీ అయితే పని ఆగిపోతుంది కదా?

చాలాచోట్ల ఆగిపోయింది. ఊరి ఫైలు ఒక మనిషి ల్యాప్‌టాప్‌లో ఉంటే ఇంతే. మొదటి ఏడాది నుంచే ఇద్దరు లెక్చరర్లు కలిసి తిరగండి. ఊరి పుస్తకం అని ఒకటి పెట్టి, ఎవరిని కలిశాం, ఏ మాటిచ్చాం, ఏది మిగిలింది అని చేత్తో రాయండి. దాని నకలు పంచాయతీలో ఉంచండి. వెళ్లిపోయే కోఆర్డినేటర్ కొత్తవారిని స్వయంగా తీసుకెళ్లి ఇంటింటా పరిచయం చేయాలి. ఫోన్ నంబర్లు ఇచ్చేస్తే పరిచయం అయినట్టు కాదు.

పని ఫలించిందని ఎలా తెలుస్తుంది?

నివేదికలకి కావలసిన అంకెలు ఇవ్వక తప్పదు, ఇవ్వండి. వాటితో పాటు నేను గమనించేవి కొన్ని ఉన్నాయి. ఊరివాళ్లు మనం పిలవకుండా కాలేజీకి వస్తున్నారా? మన తప్పు మన మొహం మీద చెబుతున్నారా? మొదట్లో సభలో వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారా? ఊరివల్ల మన సిలబస్‌లో ఒక్క పాఠమైనా మారిందా?

ఎప్పుడు బయటికి రావాలి?

పెట్టుకున్న పనిని ఊరే నడుపుకోగలిగినప్పుడు. సంఘం పుస్తకాలు సభ్యులే రాసుకుంటున్నప్పుడు, నీటి పరీక్ష కిట్ ఊరి అమ్మాయే వాడుతున్నప్పుడు. అప్పుడు ఒక సభ పెట్టి, ఏం చేశాం, ఏం చేయలేకపోయాం రెండూ చదివి, పటాలూ కాగితాలూ పంచాయతీకి అప్పగించి రావాలి. చెప్పకుండా మానేయడం మాత్రం చేయవద్దు. మా కాలేజీ నుంచి ఒక ఊరికి అలా మానేస్తే, నాలుగేళ్ల తర్వాత నేను వెళ్లినప్పుడు ఒక అవ్వ మా పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, "అందరూ బాగున్నారా, ఎందుకు రాలేదు?" అని అడిగింది.